బెంగళూరు బుడగ పగిలితే దేశానికి దెబ్బ ఎక్కడ తగులుతుంది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు కోటిన్నర పెట్టి ఫ్లాట్ కొందామనుకుంటున్నారు. మామగారేమో "భూమి ధర ఎప్పుడైనా తగ్గిందా, కొనేయండి" అంటున్నారు. ఆఫీసులో స్నేహితులేమో ఇదంతా బుడగ (అసలు విలువకు మించి ఉబ్బిన ధర), పగిలితే 2008లో అమెరికాలో అయినట్టు దేశమంతా మునుగుతుంది అంటున్నారు. ఎవరిది నిజం, పగిలితే అసలు ఏమవుతుంది అన్నది మీ ప్రశ్న.

మాది మదనపల్లె వైపు. ప్రభుత్వ రంగ బ్యాంకులో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం బెంగళూరులోనే ఇళ్ల లోన్లు, బిల్డర్ల ప్రాజెక్టు లోన్లు చూసి రిటైరయ్యాను. అందుకే ధర ఎంత పెరిగింది, ఎంత పడుతుంది అన్న లెక్క దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. ఆ ధర ఎవరి అప్పు మీద నిలబడిందో చూస్తాను. దేశానికి దెబ్బ తగలడం, తగలకపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అమెరికానే తీసుకోండి. 2000 మార్చి నుంచి 2002 అక్టోబర్ లోపు అక్కడి నాస్‌డాక్ షేర్ల సూచీ నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. డాట్‌కామ్ కంపెనీలు మూతపడ్డాయి, మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు పోయి తిరిగొచ్చారు. అయినా దేశం మొత్తం మీద వచ్చిన మాంద్యం చిన్నదే. అదే ఇళ్ల ధరలు 2006 నుంచి 2012 దాకా సగటున పావు వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గాయి, అంతే. దానికే లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది, ప్రభుత్వం 700 బిలియన్ డాలర్ల సహాయ నిధి ప్రకటించాల్సి వచ్చింది, 2009 అక్టోబర్‌కు నిరుద్యోగం 10 శాతానికి చేరింది. షేర్లు కొన్నవాళ్లు ఎక్కువగా సొంత డబ్బు పోగొట్టుకున్నారు. ఇళ్ల కింద ఉన్నది అప్పు. ఆ అప్పును ముక్కలు చేసి, బాండ్లుగా కట్టి ప్రపంచంలోని ఎన్నో బ్యాంకులకు అమ్మేశారు.

అప్పు మీద నడిచే ధరకు ఒక గుణం ఉంది. ఫ్లాట్ విలువ కట్టడానికి మా ప్యానెల్ వాల్యుయర్ వెళ్లినప్పుడు ఏం చేస్తాడు? అదే కాంప్లెక్స్‌లో, పక్క లేఅవుట్‌లో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్లు చూస్తాడు. ఆ పక్క ఫ్లాట్ కొన్నవాడు కూడా లోన్ మీదే కొన్నాడు. అతని లోన్ వల్ల ధర పెరిగింది, ఆ ధర చూపించి ఇతనికి ఇంకాస్త పెద్ద లోన్ వచ్చింది, దాన్ని చూపించి రేపు మూడోవాడికి ఇంకా పెద్దది. కాగితాల మీద ఏ ఫైలూ తప్పుగా ఉండదు. అన్ని ఫైళ్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ధర దిగడం మొదలైతే ఇదే వరస వెనక్కి తిరుగుతుంది. రెండు ఫ్లాట్లు తక్కువకు రిజిస్టరైతే మూడోదాని విలువ తగ్గుతుంది, లోన్ తగ్గుతుంది, కొనేవాడు తగ్గుతాడు.

ఇది దేశం స్థాయిలో ఎలా ఉంటుందో జపాన్ చూపించింది. 1980ల చివర్లో అక్కడ కంపెనీలు భూమి తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, దాంతో ఇంకా భూమి కొన్నాయి, షేర్లు కొన్నాయి. 1989 మే నుంచి 1990 ఆగస్టు మధ్య వాళ్ల రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటును 2.5 నుంచి 6 శాతానికి తీసుకెళ్లింది. 1990లో రియల్ ఎస్టేట్ లోన్ల మీద పరిమితి కూడా పెట్టారు. స్టాక్ మార్కెట్ వెంటనే పడింది, భూమి ధరలు 1991 తర్వాత దిగడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి దిగుతూనే పోయాయి. ఆశ్చర్యం కలిగించేది ఆ తర్వాతి కథ. ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, కార్లు ఎగుమతి అవుతున్నాయి, లాభాలు వస్తున్నాయి. కానీ వచ్చిన లాభమంతా పాత అప్పు తీర్చడానికే పోయింది. కొత్త మిషన్ కొనేవాడు లేడు, కొత్తగా మనుషుల్ని తీసుకునేవాడు లేడు. వడ్డీని సున్నా దాకా దించినా అప్పు అడిగేవాడు లేడు. బ్యాంకులేమో మొండి బాకీలను బయటపెట్టకుండా, వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పిచ్చి, ఖాతా బాగున్నట్టే చూపిస్తూ వచ్చాయి. (ఈ పద్ధతి జపాన్‌కే ప్రత్యేకం అనుకోకండి, మన దగ్గర దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు.) చివరికి 1997లో ఒక పెద్ద బ్యాంకు, ఒక పెద్ద సెక్యూరిటీస్ కంపెనీ ఒకే నెలలో కూలిపోయాయి. నిక్కీ అనే అక్కడి షేర్ల సూచీ 1989 డిసెంబర్ నాటి ఎత్తు మళ్లీ చూడటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఐర్లాండ్‌లో ఇళ్ల బుడగ పగిలి బ్యాంకుల నష్టం ప్రభుత్వం నెత్తిన పడింది. 2008 సెప్టెంబర్‌లో బ్యాంకుల బాకీలకు తనది హామీ అని ప్రకటించింది, రెండేళ్లలో తానే చేయి చాచాల్సి వచ్చింది. 2010 నవంబర్‌లో యూరప్, ఐఎంఎఫ్‌లతో 85 బిలియన్ యూరోల ఒప్పందం చేసుకుంది. స్పెయిన్ కథ మనకు ఇంకా దగ్గర, అది తర్వాత చెబుతాను.

ఇక మన దగ్గరకు వద్దాం. అమెరికాలా మునిగిపోతాం అనే మీ స్నేహితుల మాట నేను ఒప్పుకోను. దేశంలో ఇళ్ల అప్పులన్నీ కలిపినా జీడీపీలో 10 శాతం కంటే కాస్త ఎక్కువ. సంక్షోభం నాటికి అమెరికాలో అది మనకు ఎన్నో రెట్లు. పైగా మన రిజర్వ్ బ్యాంకు ఇంటి ధర మొత్తానికి లోన్ ఇవ్వనివ్వదు. 30 లక్షల లోపు లోన్‌కు విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతమే గరిష్ఠం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు అదనంగా మీరే పెట్టుకోవాలి. అంటే ధర ఇరవై శాతం పడినా ముందు కరిగేది కొన్నవాడి సొంత డబ్బు. బ్యాంకు దాకా రావడానికి టైం పడుతుంది.

ఇందులో మన కడప జిల్లా మనిషి వై.వి. రెడ్డి గారి పాత్ర ఉంది. 2003 నుంచి 2008 దాకా ఆయన రిజర్వ్ బ్యాంకు గవర్నర్. అమెరికాలో ఇళ్ల లోన్లు విచ్చలవిడిగా ఇస్తున్న రోజుల్లోనే, 2004 చివర్లో ఇక్కడ ఇళ్ల లోన్లకు బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనం పెంచారు, ఆ తర్వాత కమర్షియల్ రియల్ ఎస్టేట్‌కు ఇంకా పెంచుకుంటూ పోయారు. బిల్డర్‌కు భూమి కొనడానికి బ్యాంకు లోన్ ఇవ్వకూడదన్న కట్టడి కూడా గట్టిగానే నడిచింది. ఆ రోజుల్లో బ్రాంచీల్లో మేమంతా విసుక్కున్నాం, టార్గెట్లు ఎలా చేరాలని. 2008 సెప్టెంబర్ 5న దువ్వూరి సుబ్బారావు గారు ఆ కుర్చీలోకి వచ్చారు, పది రోజులకే లేమాన్ కూలింది. అప్పుడు మన బ్యాంకులు తట్టుకున్నాయంటే కారణాల్లో ఆ విసుగు తెప్పించిన సర్క్యులర్లు కూడా ఉన్నాయి.

అయితే ఇంటి లోన్ వైపు తలుపు గట్టిగా ఉందని బిల్డర్ వైపు తలుపు కూడా గట్టిగా ఉందనుకోకూడదు. భూమికి బ్యాంకు లోన్ రాకపోతే బిల్డర్ ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని అప్పుల సంస్థల) దగ్గరికి వెళ్తాడు, ఇంకా ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫండ్ల దగ్గరికి వెళ్తాడు, లేదా ప్రీ-లాంచ్ అని ప్రాజెక్టు మొదలవకముందే కొనేవాళ్ల దగ్గరే తీసుకుంటాడు. 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు కట్టలేక చేతులెత్తేసింది. దాని అప్పులు 90 వేల కోట్లకు పైనే. అది ప్రధానంగా రోడ్లు, విద్యుత్ ప్రాజెక్టుల సంస్థ. ఇళ్లకు సంబంధం ఏమిటి అంటారా? ఎన్‌బీఎఫ్‌సీలకు డబ్బిచ్చే మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకులు భయపడి చేయి వెనక్కి తీసుకున్నాయి. వాటి మీద ఆధారపడ్డ బిల్డర్లకు వాయిదాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది డీహెచ్ఎఫ్ఎల్ అనే పెద్ద హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆగిపోయిన ఇళ్లను పూర్తి చేయించడానికి 2019 నవంబర్‌లో కేంద్రం 25 వేల కోట్ల ప్రత్యేక నిధి ప్రకటించాల్సి వచ్చింది.

ప్రాజెక్టుకు డబ్బు ఆడటం లేదని బ్యాలెన్స్ షీట్ కంటే ముందు సైట్ చెబుతుంది. స్లాబ్ పడిందని ఇంజినీర్ సర్టిఫికెట్ వస్తే తర్వాతి వాయిదా విడుదల చేయాలి. నేను సర్టిఫికెట్‌తో పాటు లేబర్ షెడ్లు చూసేవాణ్ని. రెండు వందల మంది పనిచేస్తున్నారని కాగితం మీద ఉంటుంది, షెడ్ల ముందు ఆరేసిన బట్టలు చూస్తే ముప్పై మంది కూడా ఉండరు. కాలమ్ పైన తర్వాతి అంతస్తుకని వదిలిన కడ్డీలు ఎర్రగా తుప్పు పట్టి ఉంటాయి. కాంక్రీట్ లారీ వచ్చి ఎన్నాళ్లయిందో సెక్యూరిటీ అతనికి తెలుసు, సేల్స్ మేనేజర్ చెప్పడు. మోడల్ ఫ్లాట్‌లో మాత్రం ఏసీ చల్లగా ఉంటుంది, కాఫీ ఇస్తారు.

సబ్‌వెన్షన్ స్కీముల్లో ఈ రోగం బాగా ముదిరింది. ఇల్లు చేతికొచ్చేదాకా వడ్డీ మేమే కడతాం, మీరు సంతకం పెట్టండి చాలు అని బిల్డర్ అంటాడు. లోన్ మీ పేరు మీద ఉంటుంది, డబ్బు బిల్డర్‌కు ముందే వెళ్తుంది. బిల్డర్ వడ్డీ ఆపిన రోజు బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది. కట్టడం ఎంత జరిగితే అంతే విడుదల చేయాలని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 2019లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ కూడా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలను ఇలాంటివి మానుకోమంది. అయినా ఢిల్లీ చుట్టుపక్కల వేలాది కుటుంబాలు ఇరుక్కున్నాయి. 2025లో సుప్రీంకోర్టు బిల్డర్లు, బ్యాంకుల మధ్య ఈ వ్యవహారంపై సీబీఐ విచారణకు ఆదేశించింది. అందులో బెంగళూరు కూడా ఉంది.

చైనాలో జరిగింది ఇదే, కాకపోతే ఊహకందని సైజులో. కట్టకముందే ఇళ్లు అమ్మి, ఆ డబ్బుతో ఇంకో చోట భూమి కొని, అది చూపించి అప్పు తేవడం. 2020లో ప్రభుత్వం బిల్డర్ల అప్పులు దాటకూడదని మూడు హద్దు గీతలు గీసింది, 2021 చివరికి ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద బిల్డర్ కంపెనీ బాకీ ఎగ్గొట్టింది. దాని అప్పులు 300 బిలియన్ డాలర్లకు పైన. 2022లో ఇల్లు పూర్తి కాని జనం వాయిదాలు కట్టం అని ఎదురు తిరిగారు. అక్కడి స్థానిక ప్రభుత్వాల ఖజానా చాలావరకు భూమి అమ్మకాల మీద ఆధారపడేది కాబట్టి, వాటి ఆదాయానికీ గండి పడింది.

ఇప్పుడు స్పెయిన్. అక్కడా ఇళ్ల బుడగే పగిలింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇంటి తాళాలు బ్యాంకుకు ఇచ్చేసి వెళ్లిపోతే బాకీ దాదాపు తీరినట్టే. స్పెయిన్‌లో అలా కాదు, ఇల్లు పోయినా మిగిలిన బాకీ వెంటాడుతుంది. మన దగ్గరా అంతే. దానికి తోడు మనవాళ్లకు ఇల్లు వేలానికి రావడమంటే పరువు పోయినట్టు. ఉద్యోగం పోయినా పీఎఫ్ తీస్తారు, బంగారం తాకట్టు పెడతారు, ఊళ్లో పొలం అమ్ముతారు, ఈఎంఐ మాత్రం తప్పనివ్వరు. అందుకే ఇంటి లోన్లలో మొండి బాకీలు తక్కువ. బ్యాంకుకు ఇది మంచిదే. దేశానికి? ఆ కుటుంబం కారు కొనడం మానేస్తుంది, పాప డాన్స్ క్లాసు మాన్పిస్తుంది, పండక్కి ఊరెళ్లడం తగ్గిస్తుంది. అంటే మన దగ్గర బుడగ దెబ్బ బ్యాంకు కౌంటర్‌లో కంటే షాపుల్లో, చిన్న వ్యాపారాల్లో ముందు కనబడుతుంది. స్పెయిన్‌లో జనం వాయిదాలు కడుతూనే ఖర్చులు కోసేశారు. కట్టడాల రంగం ఒక్కసారిగా ఆగడం దానికి తోడై 2013కు నిరుద్యోగం 26 శాతానికి వెళ్లింది.

కట్టడాలు ఆగితే పోయే పనుల సంగతి ఇక్కడ ఎవరూ సరిగ్గా మాట్లాడరు. వ్యవసాయం తర్వాత ఎక్కువమందికి కూలి ఇచ్చేది ఈ రంగమే. వర్తూరు, పనత్తూరు సైట్లలో పనిచేసేది రాయచూరు, కలబురగి, మన పాలమూరు, అనంతపురం వైపు నుంచి, ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. బెంగళూరులో ఒక టవర్ ఆగితే ఆ ఊళ్లలో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం బరువెక్కుతుంది. సిమెంటు, స్టీలు, టైల్స్, లిఫ్టులు, ప్లైవుడ్ వ్యాపారం కూడా దీని వెంటే నడుస్తుంది. కర్ణాటక ప్రభుత్వానికి స్టాంపులు, రిజిస్ట్రేషన్ల మీద ఏటా వచ్చే ఆదాయం సుమారు ఇరవై వేల కోట్ల స్థాయిలో ఉంది. అది తగ్గితే రోడ్లు, స్కూళ్ల బడ్జెట్ మీద పడుతుంది. అందుకే ధరలు చల్లబడాలని ఏ ప్రభుత్వమూ మనస్ఫూర్తిగా కోరుకోదు, ఏ పార్టీ ఉన్నా ఇంతే.

మామగారి మాట సంగతి. భూమి ధర తగ్గదు అనేవాళ్లకు అమరావతి గుర్తుచేయండి. 2014లో రాజధాని ప్రకటనతో చుట్టుపక్కల ఎకరం ధర ఎక్కడికో వెళ్లింది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక అదే భూమికి కొనేవాడు దొరకలేదు, 2024 తర్వాత మళ్లీ లేచింది. మట్టి అదే, పైన కట్టుకున్న నమ్మకం మారింది. బెంగళూరులో తగ్గుదల ఇంత బాహాటంగా కనబడదు. ఇక్కడ బిల్డర్ రేటు తగ్గించడు, కార్ పార్కింగ్ ఫ్రీ అంటాడు, మాడ్యులర్ కిచెన్ ఇస్తానంటాడు. నోట్ల రద్దు, రెరా (బిల్డర్లను నియంత్రించే చట్టం), జీఎస్టీ వరసగా వచ్చిన రోజుల్లో చాలా ఏరియాల్లో రేట్లు ఏళ్ల తరబడి పెద్దగా కదల్లేదు. ఏడాదికి 6 శాతం ద్రవ్యోల్బణం ఉండి, ధర ఆరేళ్లు అక్కడే నిలబడితే నిజవిలువలో దాదాపు 30 శాతం పోయినట్టే. పేపర్లో మాత్రం "ధరలు స్థిరం" అని రాస్తారు.

నా మట్టుకు నాకు బుడగ పగలడం కంటే, పగలకుండా ఏళ్ల తరబడి నిలబడటమే దేశానికి పెద్ద నష్టం అనిపిస్తుంది. పీణ్య పారిశ్రామిక వాడలో చిన్న వర్క్‌షాప్ నడిపేవాడికి కొత్త లేత్ కొనడం కంటే షెడ్ ఉన్న స్థలం అమ్ముకోవడం లాభం అయితే, అతను మెషీన్ ఎందుకు కొంటాడు? అద్దెలు పెరిగేకొద్దీ కంపెనీ జీతాలు పెంచాలి, పెంచలేని కంపెనీ ఇక్కడికి రాదు. మీలాంటివాళ్ల పొదుపంతా ఇరవై ఏళ్లు ఒక్క ఫ్లాట్‌లోకి వెళ్తుంది. తాళం వేసి ఉన్న రెండో ఫ్లాట్, మూడో ఫ్లాట్ ఎవరికీ ఉపయోగపడకుండా "ఇన్వెస్ట్‌మెంట్" అనిపించుకుంటుంది. దీన్ని ఏ టీవీ చానలూ బ్రేకింగ్ న్యూస్‌గా చూపించదు.

బెంగళూరుకు ఇంకో ప్రత్యేకమైన బలహీనత ఉంది. ఇది ఒక్క రంగం మీద నిలబడ్డ మార్కెట్. 2020లో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్లు ఎలా ఖాళీ అయ్యాయో చూసే ఉంటారు. వాటిలో చాలా మనవాళ్లవే, నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు నుంచి వచ్చి బిల్డింగ్ లీజుకు తీసుకుని నడుపుతారు. పిల్లలంతా వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊళ్లకు వెళ్లిపోయారు, నడిపేవాళ్లు మాత్రం బిల్డింగ్ ఓనర్‌కు నెలకు లక్షల్లో లీజు కట్టాలి. చాలామంది మంచాలు, పరుపులు, ఫ్రిజ్‌లు వచ్చిన రేటుకు అమ్మేసి వెళ్లారు. రెండేళ్లు తిరక్కుండానే ఆఫీసులు తెరిచారు, అద్దెలు అంతకుముందెప్పుడూ లేనంత పెరిగాయి. ఇళ్లు అవే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకున్న ఒక నిర్ణయంతో ఊరి అద్దెలన్నీ కిందికీ పైకీ వెళ్లాయి.

మీ విషయంలో నాకు టెన్షన్ పెట్టేది ఇదే. మీ జీతం, మీ ఆవిడ జీతం, మీ ఫ్లాట్ ధర, మీకు రేపు అద్దె కట్టబోయేవాడి జీతం, నాలుగూ ఒకే రంగం మీద ఉన్నాయి. లెక్క వేద్దాం. కోటిన్నర ఫ్లాట్‌కు 75 శాతం అంటే కోటీ 12 లక్షల 50 వేల లోన్. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 97,600 వస్తుంది. అలాంటి ఫ్లాట్‌కు అద్దె 45 వేలు అనుకుంటే ఏడాదికి 5 లక్షల 40 వేలు, ధర మీద 3.6 శాతం. మెయింటెనెన్స్, పన్ను తీసేస్తే ఇంకా తక్కువ. వడ్డీకీ అద్దెకీ మధ్య ఉన్న ఆ తేడాను ధర పెరుగుదల పూడుస్తుందని నమ్మి కొంటున్నారన్నమాట. ఉండటానికి కొంటే ఆ తేడా మీరు సుఖం కోసం పెట్టే ఖర్చు, తప్పులేదు. అమ్మి లాభం చేసుకోవడానికైతే నేను వద్దంటాను.

ఉండటానికే అయితే, ఇద్దరిలో ఒక్కరి జీతంతోనే ఈఎంఐ, ఇంటి ఖర్చు నడిచే ధరలో చూసుకోండి. అది కోటిన్నర కాకపోవచ్చు. ఏడాది ఈఎంఐకి సరిపడా డబ్బు ఎఫ్‌డీలో విడిగా ఉంచి, మిగిలిందే డౌన్‌పేమెంట్ అనుకోండి. ప్రీ-లాంచ్ జోలికి పోవద్దు. కట్టి పూర్తయి ఓసీ (ఉండటానికి అనుమతి పత్రం) వచ్చినదానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. అండర్ కన్‌స్ట్రక్షన్ తీసుకోక తప్పదంటే కర్ణాటక రెరా సైట్‌లో ఆ బిల్డర్ పాత ప్రాజెక్టులు మొదట చెప్పిన తేదీకి అప్పగించాడా, ఎన్నిసార్లు గడువు పెంచుకున్నాడు అన్నది చూడండి. కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉండాలన్నది చట్టం, ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉందో కూడా అక్కడే ఉంటుంది. ఆ భూమి మీద ఎవరికి తాకట్టు ఉందో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి. తాకట్టు ఉంటే మీ ఫ్లాట్ అమ్మకానికి ఆ సంస్థ ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతిలో లేకుండా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. కార్పొరేషన్ ఆస్తి రికార్డులో ఖాతా ఏ-నా (అన్నీ సక్రమంగా ఉన్నది), బీ-నా (లోపాలున్నది) అన్నది సేల్స్ అబ్బాయిని అడక్కుండా లాయర్‌తో తేల్చుకోండి. 2024 వేసవిలో ఆ వైపు ట్యాంకర్ల కోసం జనం పడ్డ పాట్లు గుర్తున్నాయిగా, కావేరి కనెక్షన్ వచ్చిందా, వస్తుందన్న మాటేనా అన్నది కాంప్లెక్స్‌లో ఇప్పటికే ఉంటున్న ఇద్దరు ముగ్గుర్ని అడగండి. సైట్‌కు ఆదివారం కాకుండా పనిరోజున వెళ్లండి, లేబర్ షెడ్ల వైపు కూడా ఒకసారి నడవండి.